పాత కారు టైరుకి గాలి ఎంత? ఆ అంకె వెనక ఉన్న కథ

పాత కారు ఉన్న ఇంట్లో టైర్లలో గాలి ఎంత ఉండాలని అడిగి చూడండి, కనీసం మూడు జవాబులు వస్తాయి. ఇంటి పెద్దాయన 24 అంటారు. కారు కొన్నప్పుడు ఇచ్చిన చిన్న పుస్తకంలో అంతే ఉందని ఆయనకి గుర్తు. పెట్రోలు బంకులో గాలి కొట్టే కుర్రాడు ఏమీ అడగకుండా 35 పెడతాడు. వచ్చిన ప్రతి కారుకీ అతను పెట్టేది అదే. కాలేజీ చదివే అబ్బాయి వంగి టైరు పక్కన అచ్చుపోసిన అక్షరాలు చదివి "ఇక్కడ 44 అని రాసుంది కదా" అంటాడు. ఈ చర్చలో మనల్ని ఎవరూ అడగరు. ఆ కారులో వెనక సీట్లో పిల్లని ఒళ్లో కూర్చోబెట్టుకుని వెళ్లేది మాత్రం మనమే.

ఈ మూడింట్లో ఏది సరైనదో తెలియాలంటే, అసలు ఈ అంకెలు ఎలా పుట్టాయో, వాటిని ఎవరు ఎందుకు నిర్ణయించారో తెలియాలి. ఆ కథ నూట ఎనభై ఏళ్లది. అందులో ఒక పశువుల డాక్టరు ఉన్నాడు, ఇద్దరు ఆడపడుచులని వెంటబెట్టుకుని అమెరికా దాటిన ఇల్లాలు ఉంది, వియ్యమందుకుని చివరికి తెగతెంపులు చేసుకున్న రెండు పెద్ద కంపెనీలు ఉన్నాయి. ప్రాణాలు పోయిన సందర్భాలూ ఉన్నాయి.

ముందు ఒక చిన్న లెక్క చూద్దాం. కారు బరువు మోసేది రబ్బరు కాదు, లోపలి గాలి. టైర్ల గాలిని ఇప్పటికీ ఇంగ్లీషు కొలతలోనే చెబుతారు. చదరపు అంగుళానికి ఎన్ని పౌండ్లు అన్నది. పీఎస్‌ఐ అంటే అదే. 30 పౌండ్లు అంటే మన కొలతలో చదరపు సెంటీమీటరుకి సుమారు 2.1 కిలోలు. మనుషులతో కలిపి 1200 కిలోలు ఉన్న కారుకి ఒక్కో చక్రం మీద 300 కిలోలు పడతాయనుకుందాం. 300ని 2.1తో భాగిస్తే దాదాపు 143 చదరపు సెంటీమీటర్లు. మీ చెయ్యి చాపి చూడండి, వేళ్లతో సహా అరచెయ్యి ఇంచుమించు అంత ఉంటుంది. అంటే ప్రతి టైరూ రోడ్డుని అరచెయ్యి అంత మేర మాత్రమే పట్టుకుని ఉంటుంది. బ్రేకు వేసినా, మలుపు తిప్పినా, వానలో జారకుండా ఆగినా ఆ నాలుగు అరచేతుల మీదే. గాలి తగ్గితే ఆ అరచెయ్యి వెడల్పు అవుతుంది, పెరిగితే చిన్నదవుతుంది.

గాలితో బండి నడపాలన్న ఆలోచన మొదట వచ్చింది రాబర్ట్ విలియం థామ్సన్ అనే స్కాట్లండ్ కుర్రవాడికి. 1845లో, 23 ఏళ్ల వయసులో పేటెంట్ తీసుకున్నాడు. రబ్బరు పట్టించిన గుడ్డతో గొట్టం, దానిమీద తోలు తొడుగు. 1847లో లండన్‌లోని రీజెంట్స్ పార్కులో గుర్రబ్బళ్లకి తగిలించి చూపించాడు. చప్పుడు లేకుండా, కుదుపు లేకుండా బండి వెళుతుంటే జనం వింతగా చూశారు. కానీ రబ్బరు చాలా ఖరీదు, తయారీ కష్టం. నాలుగేళ్లలోనే అందరూ మర్చిపోయారు.

మళ్లీ నలభై ఏళ్ల తర్వాత అదే ఆలోచన బెల్‌ఫాస్ట్‌లో ఒక తండ్రికి వచ్చింది. జాన్ బాయిడ్ డన్‌లప్ వృత్తి పశువైద్యం. ఆయన కొడుకు మూడు చక్రాల సైకిలు తొక్కేవాడు. గట్టి రబ్బరు చక్రాలు, రాళ్లు పరిచిన వీధులు, ఒకటే కుదుపు. డన్‌లప్ పల్చటి రబ్బరు గొట్టాన్ని చెక్క చక్రం చుట్టూ బిగించి, పైన నార గుడ్డ చుట్టి, ఫుట్‌బాల్ పంపుతో గాలి నింపాడు. దాన్నీ, పాత చక్రాన్నీ పెరట్లో పక్కపక్కన దొర్లిస్తే గాలి ఉన్న చక్రం చాలా దూరం వెళ్లింది. 1888లో పేటెంట్ తీసుకున్నాడు. ఆ ఆలోచన థామ్సన్ ముందే రాసుకున్నదని తర్వాత బయటపడి ఆ పేటెంట్ చెల్లకుండా పోయింది. అయినా పేరు మాత్రం డన్‌లప్‌కే మిగిలింది. 1936లో హుగ్లీ ఒడ్డున సాహాగంజ్‌లో వచ్చిన టైర్ల ఫ్యాక్టరీ కూడా ఆ పేరు మీదే. మన అమ్మల కాలంలో చాలా కార్లు ఆ టైర్ల మీదే తిరిగాయి.

గమనించండి, గాలి టైరు పుట్టిందే పిల్లవాడి నడుం నొప్పి పుట్టకుండా ఉండటానికి. మొదటినుంచీ గాలికి రెండు పనులు: కుదుపు తగ్గించడం, బరువు మోయడం. కుదుపు తగ్గాలంటే గాలి తక్కువ ఉండాలి. బరువు మోయాలంటే ఎక్కువ ఉండాలి. ఈ రెండింటి మధ్య బేరమే ఆ తర్వాతి చరిత్రంతా.

సైకిలుకి పనికొచ్చిన గాలిని కారుకి తెచ్చినవాళ్లు ఫ్రాన్సులో మిషెలిన్ అన్నదమ్ములు, ఆంద్రే, ఎడ్వార్. 1895లో పారిస్ నుంచి బోర్డో దాకా వెళ్లి తిరిగి పారిస్‌కి రావాల్సిన పందెంలో, గాలి టైర్లతో కారు నడపడానికి ఎవరూ ఒప్పుకోకపోతే తామే నడిపారు. దారి పొడుగునా పంక్చర్లే. గడువు దాటాకే చేరారు. కానీ గాలి మీద కారు నడుస్తుందని లోకానికి తెలిసింది. 1900లో వాళ్లే కార్లున్న వాళ్లకి ఉచితంగా ఒక చిన్న పుస్తకం పంచారు. టైరు ఎలా మార్చాలి, పెట్రోలు ఎక్కడ దొరుకుతుంది, రాత్రికి ఎక్కడ ఆగాలి, ఏం తినాలి అన్నవి అందులో ఉండేవి. జనం ఎక్కువ తిరిగితే టైర్లు ఎక్కువ అరుగుతాయన్నది వాళ్ల లెక్క. ఈరోజు పెద్ద పెద్ద వంటవాళ్లు ప్రాణం పెట్టి ఎదురుచూసే మిషెలిన్ నక్షత్రాలు ఆ టైర్ల పుస్తకంలోంచి వచ్చినవే. నక్షత్రాలు ఇవ్వడం 1926లో మొదలైంది.

ఆ తొలినాటి కారు టైర్లు సన్నగా ఉండేవి. సన్నటి టైరు బరువు మొయ్యాలంటే లోపల గాలి బాగా బిగువుగా ఉండాలి. 50, 60, ఒక్కోసారి 80 పౌండ్లు కూడా. ఇప్పటి కార్లకి రెట్టింపు అన్నమాట. బంకులు లేవు, కంప్రెసర్లు లేవు. దారిలో పంక్చరైతే టైరు విప్పి, ట్యూబుకి అతుకు వేసి, మళ్లీ ఎక్కించి, చేతి పంపుతో అంత బిగువు వచ్చేదాకా కొట్టాలి. మగవాళ్లకే చెమటలు పట్టే పని.

ఆ పని చేస్తూ 1909లో ఒక ఇల్లాలు న్యూయార్కు నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకి కారు నడిపింది. పేరు ఆలిస్ రామ్సే, వయసు 22. పసి కొడుకుని ఇంట్లో వదిలి బయల్దేరింది. పక్కన ఆమె భర్త అక్కలు ఇద్దరు, అంటే మన లెక్కలో ఆడపడుచులు, ఇంకా ఒక స్నేహితురాలు. ఆ ముగ్గురిలో ఒక్కరికీ కారు నడపడం రాదు. సుమారు 3,800 మైళ్లు, 59 రోజులు. రోడ్లని చెప్పుకోదగ్గవి కొద్దే, మిగతాదంతా బురద, ఇసుక, ఎడ్లబండి బాటలు. దారిలో ఆమె మార్చిన టైర్లు 11. అమెరికాని కారులో ఆ కొసనుంచి ఈ కొసకి నడిపిన మొదటి స్త్రీ ఆమే. ఎన్నో ఏళ్లయ్యాక, 1961లో, ఆ ప్రయాణం గురించి పుస్తకం రాసింది. దాని పేరులోనే మేలిముసుగు, దుమ్ము ఆపే పై కోటు, టైరు విప్పే ఇనుప కడ్డీ మూడూ ఉన్నాయి. ఆ మూడింటినీ పక్కపక్కన పెట్టిన మనిషంటే నాకు మహా ఇష్టం.

ఆ కాలానిదే ఇంకో సంగతి. అదనపు చక్రాన్ని మనం స్టెప్నీ అంటాం. ఇంగ్లీషు మాట అనుకుంటాం గానీ, అది నిజానికి ఒక వీధి పేరు. బ్రిటన్‌లో వేల్స్ ప్రాంతంలో లనెల్లి అనే ఊళ్లో స్టెప్నీ వీధి ఉంది. అక్కడ డేవీస్ అన్నదమ్ములు 1904లో, పంక్చరైన చక్రానికి పక్కనే తగిలించి నడిపించే అదనపు చక్రం తయారుచేశారు. అప్పటికి కార్లతో అదనపు చక్రం ఇచ్చేవాళ్లే కాదు. ఆ సామాను పోయింది, ఆ పేరు మాత్రం మన మెకానిక్ షెడ్లలో నిలిచిపోయింది.

గాలి ఒక్కసారిగా తగ్గింది 1923లో. ఫైర్‌స్టోన్ కంపెనీ వెడల్పాటి, పల్చటి గోడలున్న టైర్లు తెచ్చింది. బుడగలా ఉంటాయని వాటిని బెలూన్ టైర్లన్నారు. టైరు లావు కావడంతో 30 పౌండ్ల చుట్టుపక్కల గాలితోనే అదే బరువు మొయ్యగలిగింది. కారు ప్రయాణం మెత్తబడింది. ముసలివాళ్లు, పసిపిల్లలు, గర్భిణులు సుఖంగా కూర్చోగలిగారు. నాలుగైదేళ్లలో దాదాపు అన్ని కార్లూ అటే మారిపోయాయి. మనకి ఇప్పుడు తెలిసిన 24, 28, 30, 32 అంకెలన్నీ ఆ మార్పు తర్వాతి సంతానమే.

ఇక్కడినుంచే చిక్కు మొదలైంది. గాలి కొంచెం తగ్గిస్తే కారు మెత్తగా వెళుతుంది, కొనడానికి వచ్చినవాళ్లు మురిసిపోతారు. ఇంకో కిటుకు కూడా ఉంది. ముందు చక్రాల్లో ఒక రకంగా, వెనక చక్రాల్లో ఒక రకంగా గాలి పెడితే మలుపులో కారు తీరే మారిపోతుంది. ఇంజనీర్లు ఇది కనిపెట్టి, కారు కట్టడంలో ఉన్న లోపాన్ని కూడా గాలితో సర్దుకోవడం మొదలుపెట్టారు.

దీనికి పేరుమోసిన ఉదాహరణ షెవర్లే కంపెనీ 1960 మోడల్‌గా తెచ్చిన కార్వెయిర్. ఇప్పుడది పాతకార్ల ప్రియులు అపురూపంగా దాచుకునే బండి. దాని ఇంజను వెనక ఉంటుంది, కాబట్టి బరువంతా వెనకే. వెనక చక్రాలు పట్టుకున్న ఇరుసులు, మలుపులో వేగంగా తిప్పితే చక్రం లోపలికి మడతపడేలా ఉండేవి. అప్పుడు కారు తోక పక్కకి జారిపోయే ప్రమాదం. దాన్ని ఆపడానికి కంపెనీ ఒక లెక్క ఇచ్చింది: చల్లగా ఉన్నప్పుడు ముందు టైర్లలో 15 పౌండ్లు, వెనక 26. ముందు టైర్లు మెత్తగా ఉంటే ముందు భాగం రోడ్డుని కాస్త తక్కువగా పట్టుకుంటుంది, అందుకని తోక ముందుగా జారదు. కాగితం మీద లెక్క సరిగ్గానే ఉంది.

ఇంట్లో వాడే కారుకి గాలి కొట్టేది మాత్రం ఇంజనీరు కాదు కదా. బంకులో ఎవరో కొడతారు. మిగతా కార్లన్నింటికీ నాలుగు చక్రాలకీ ఇంచుమించు ఒకటే గాలి అలవాటు. ముందు 15 చూస్తే "అయ్యో, గాలి దిగిపోయింది" అనుకుని 26 కొట్టేస్తారు. ఆ కారు నడిపే ఇల్లాలికి ఆ తేడా వల్ల మలుపులో ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. 1965లో రాల్ఫ్ నాదర్ అనే యువ లాయరు తన పుస్తకం మొదటి అధ్యాయం మొత్తం ఈ కారు మీదే రాశాడు. మనుషుల ప్రాణాలని అంత సున్నితమైన గాలి తేడా మీద ఆధారపెట్టడం ఏమిటన్నది ఆయన ప్రశ్న. కంపెనీ ఆయన వెనక గూఢచారులని పెట్టి, అది బయటపడి, 1966లో సెనేట్ ముందు క్షమాపణ చెప్పుకోవాల్సి వచ్చింది. అదే ఏడు అమెరికాలో వాహనాల భద్రతకి జాతీయ చట్టం వచ్చింది.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. 1964 మోడల్‌లోనే కంపెనీ ఆ కారు కింది భాగం కొంత సరిచేసింది, 1965లో వెనక ఇరుసుల అమరికే మార్చేసింది. 1972లో ప్రభుత్వ భద్రతా సంస్థ పరీక్షలు జరిపి, ఆ కాలపు ఇతర కార్లతో పోలిస్తే కార్వెయిర్ మరీ అధ్వాన్నం కాదని తేల్చింది. అయినా నాదర్ అడిగిన ప్రశ్న అలాగే నిలబడి ఉంది. అంత ముఖ్యమైన అంకె అయినప్పుడు, దాని కారణం కూడా వాడేవాళ్లకి చెప్పాలా, వద్దా?

ఈలోగా టైరు లోపలి అల్లిక కూడా మారింది. పాత టైర్లలో దారపు పొరలు ఏటవాలుగా, ఒకదానిమీద ఒకటి అడ్డంగా వేసి ఉండేవి. వాటిని క్రాస్‌ప్లై అంటారు. మిషెలిన్ కంపెనీ 1946లో పేటెంట్ తీసుకుని 1949లో రేడియల్ టైరు అమ్మడం మొదలుపెట్టింది. అందులో దారాలు ఈ అంచునుంచి ఆ అంచుకి తిన్నగా వెళతాయి, నడిచే భాగం కింద ఉక్కు పట్టీ ఉంటుంది. పక్క గోడలు మెత్తగా వంగుతాయి, నేలని తాకే భాగం మాత్రం చదునుగా ఉంటుంది. అరుగుదల తక్కువ, పట్టు ఎక్కువ. అయితే రేడియల్ టైరు సరిపడా గాలి ఉన్నా కింద కాస్త ఉబ్బినట్టే కనబడుతుంది. అందుకే దీనికి కంటితో చూసి గాలి చెప్పడం కుదరదు. కాలితో తన్ని చూడటం అసలే కుదరదు.

గాలి అంకె మీద అన్నింటికన్నా పెద్ద గొడవ 2000 సంవత్సరంలో జరిగింది. దానికి ముందు కుటుంబ కథ చెప్పాలి. కారు కంపెనీ అధినేత హెన్రీ ఫోర్డ్, టైర్ల కంపెనీ అధినేత హార్వీ ఫైర్‌స్టోన్ మంచి స్నేహితులు. 1906 నుంచే ఫోర్డు కార్లకి ఫైర్‌స్టోన్ టైర్లు వెళ్లేవి. 1947లో హెన్రీ ఫోర్డ్ మనవడు విలియం క్లే ఫోర్డ్‌కీ, హార్వీ ఫైర్‌స్టోన్ మనవరాలు మార్తాకీ పెళ్లయింది. వ్యాపారం కాస్తా వియ్యం అయింది.

ఫోర్డు కంపెనీ 1990లో ఎక్స్‌ప్లోరర్ అనే ఎత్తైన కుటుంబ వాహనం తెచ్చింది. పిల్లలని బడికి దింపడానికి, సెలవులకి ఊళ్లు వెళ్లడానికి అమెరికాలో ఇల్లిల్లూ కొన్నారు. టైర్లు ఫైర్‌స్టోన్‌వి. ఫోర్డు చెప్పిన గాలి 26 పౌండ్లు. కొన్నేళ్లకి, ముఖ్యంగా టెక్సస్, ఫ్లోరిడా లాంటి వేడి ప్రాంతాల్లో, వేగంగా వెళుతుండగా టైరు పై పొర ఊడిపోవడం, బండి పల్టీ కొట్టడం మొదలైంది. 2000 ఫిబ్రవరిలో హ్యూస్టన్ టీవీ విలేకరి ఆనా వెర్నర్ ఈ ప్రమాదాలని ఒకచోట చేర్చి చూపించింది. ఆ కథనం తర్వాత బాధితులు ఒక్కొక్కరే బయటికి వచ్చారు. అదే ఏడు ఆగస్టులో 65 లక్షల టైర్లని వెనక్కి తీసుకుంటామని ప్రకటించారు. మరణాలు రెండు వందలు దాటాయి.

టైరు తయారీలో లోపమని ఫోర్డు అంది. బండి కట్టడంలో లోపం ఉందని, గాలి 26 కాదు 30 ఉండాల్సిందని ఫైర్‌స్టోన్ అంది. ఆ నాలుగు పౌండ్ల తేడా ఎందుకంత ముఖ్యమో అర్థం కావాలంటే ఒక తీగ తీసుకుని అటూ ఇటూ గబగబా వంచి చూడండి, వంచిన చోట వేడెక్కుతుంది. గాలి తగ్గిన టైరు పక్క గోడ ప్రతి చుట్టుకీ అలాగే వంగి లేస్తుంది. గంటకి 60 కిలోమీటర్ల వేగంలో కారు చక్రం నిమిషానికి దాదాపు 500 సార్లు తిరుగుతుంది. మండుటెండ, నిండా మనుషులు, సామాన్లు, హైవే వేగం. వేడి పెరిగిపోయి పొరల మధ్య అతుకు వదులుతుంది. తయారీలోనే బలహీనంగా ఉన్న టైరుకి తక్కువ గాలి తోడైతే ఊరటకి చోటే మిగలదు.

2001లో ఆ రెండు కంపెనీలూ తెగతెంపులు చేసుకున్నాయి. అప్పుడు ఫోర్డు కంపెనీ అధ్యక్షుడు ఎవరనుకున్నారు? మార్తా ఫైర్‌స్టోన్ కొడుకు బిల్ ఫోర్డ్. ఇద్దరు వ్యవస్థాపకులకీ మునిమనవడు ఆయనే. ఫైర్‌స్టోన్ అప్పటికే జపాన్ కంపెనీ చేతిలోకి వెళ్లిపోయినా, అమ్మమ్మగారింటి పేరున్న కంపెనీతో నాన్నగారింటి కంపెనీ పోట్లాటలో ఆ తల్లి మనసు ఎలా ఉండి ఉంటుందో అని నాకు అనిపిస్తూ ఉంటుంది.

ఆ దుర్ఘటనల వల్ల 2000 నవంబరులో కొత్త చట్టం వచ్చింది. దాని ఫలితంగా 2007 సెప్టెంబరు నుంచి అమెరికాలో అమ్మే కొత్త కార్లన్నింటికీ, టైర్లో గాలి నాలుగోవంతు తగ్గితే డ్రైవరు ముందు దీపం వెలగాలన్న నియమం వచ్చింది. ఇప్పుడు మన కొత్త కార్లలో కనబడే ఆ చిన్న పసుప్పచ్చ గుర్తు ఈ కథలోంచి వచ్చిందే. పాత కార్లకి ఆ దీపం లేదు. దాని బదులు మన కళ్లూ, ఒక చిన్న మీటరూ.

ఇప్పుడు మొదటి ప్రశ్నకి వద్దాం. మా మామయ్యగారి అంబాసిడర్ ఉంది. అంబాసిడర్ మూలం బ్రిటిష్ మారిస్ ఆక్స్‌ఫర్డ్. మన దేశంలో 1957 నుంచి 2014 దాకా తయారైంది. పద్మిని మూలం ఇటలీ ఫియట్. రెండూ క్రాస్‌ప్లై టైర్ల కాలంలో పుట్టినవే. అందుకని ఆ పాత పుస్తకంలో ఉన్న అంకె ఆ కాలపు టైరుకి, ఆ కాలపు వేగానికి సరిపోయేది. పెద్దాయన జ్ఞాపకం అబద్ధం కాదు, టైరు మారిపోయింది. బంకు కుర్రాడి 35 ఇప్పటి కార్ల అలవాటు. అంత బిగిస్తే పాత కారు రాయి మీదా రప్ప మీదా ఎగురుతుంది, టైరు మధ్యలో అరుగుతుంది, బ్రేకు వేసినప్పుడు పట్టు తగ్గుతుంది. ఇక టైరు మీద రాసినది ఆ టైరు భరించగల గరిష్ఠం. కుక్కరు భరించే ఒత్తిడి ఎంతో రాశారని పప్పు అంత ఒత్తిడిలో ఉడికించం కదా.

మరి ఎలా నిర్ణయించుకోవాలి? ముందు పుస్తకం వెతికి, ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ విడివిడిగా ఏం రాశారో చూడాలి. కారులో ఇప్పటికీ అదే కొలత క్రాస్‌ప్లై టైర్లుంటే ఆ అంకెలే పాటించాలి. రేడియల్ వేయించి ఉంటే ఆ అంకెకి కొన్ని పౌండ్లు కలపాలి. మధ్యరకం పాత కారుకి సాధారణంగా 28 నుంచి 32 లోపు కుదురుతుంది. ముందుకీ వెనక్కీ పుస్తకం చెప్పిన తేడాని మాత్రం అలాగే ఉంచాలి, కార్వెయిర్ నేర్పిన పాఠం అదే. కుటుంబమంతా సామాన్లతో దూరప్రయాణం చేస్తుంటే వెనక చక్రాలకి రెండు మూడు పౌండ్లు ఎక్కువ. ఒకే ఇరుసు మీద ఒక పక్క క్రాస్‌ప్లై, ఒక పక్క రేడియల్ ఎప్పుడూ వేయించకూడదు.

ఆ అంకె మన కారుకి కుదిరిందో లేదో చూడటానికి ఒక సులువైన పరీక్ష ఉంది. ముగ్గు వేసే సుద్దముక్కతో టైరు మీద, నేలని తాకే వైపు, ఈ అంచునుంచి ఆ అంచుకి అడ్డంగా మందపాటి గీత గీయండి. చదునైన రోడ్డు మీద తిన్నగా కొద్ది దూరం నడిపించి ఆపి చూడండి. మధ్యలో మాత్రమే సుద్ద చెరిగిపోతే గాలి ఎక్కువ. రెండు అంచుల్లోనే చెరిగితే గాలి తక్కువ. గీత మొత్తం ఒకేలా చెరిగితే ఆ టైరు తన అరచెయ్యిని నేలమీద పూర్తిగా ఆనించిందన్నమాట.

గాలి ఎప్పుడు చూడాలన్నది కూడా ముఖ్యం. పొద్దున్నే, బండి తియ్యకముందు చూడాలి. ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు మారితే సుమారు ఒక పౌండు మారుతుంది. జనవరి తెల్లవారుజామున 15 డిగ్రీల చలిలో కొట్టించిన గాలి మే నెల 40 డిగ్రీల ఎండలో నాలుగైదు పౌండ్లు ఎక్కువ చూపిస్తుంది. కొంత దూరం నడిపాక టైరు వేడెక్కి ఇంకా పెరుగుతుంది. ఆ వేడిలో ఎక్కువుందని గాలి తీయించేస్తే, చల్లారాక తక్కువైపోతుంది. బంకు ఇంటికి దూరమైతే, ఇంట్లోనే మీటరు పెట్టుకుని పొద్దున చూసి, ఎంత తగ్గిందో రాసుకుని వెళ్లి అంతే కొట్టించుకోవడం మంచిది.

పాత కారుకి ఇంకో సమస్య, తిరిగేది తక్కువ. మా ఇంట్లో ఆ బండికి ఇప్పుడు నెలకి రెండుసార్లు గుడికీ, చుట్టాలింటికీ వెళ్లడమే పని. నిలబెట్టి ఉంచినా టైరు నెలకి ఒక పౌండు దాకా గాలి వదులుతుంది. ఒకేచోట నిలిచి కింద చదునుగా తయారవుతుంది కూడా. అందుకని అప్పుడప్పుడూ కొంచెం ముందుకీ వెనక్కీ జరుపుతూ ఉండాలి. అన్నింటికీ మించి, టైరు వయసు చూడాలి. గీతలు లోతుగా ఉన్నంత మాత్రాన రబ్బరు పడుచుది కాదు. టైరు పక్కన నాలుగంకెల సంఖ్య ఒకటి ఉంటుంది. 2319 అని ఉంటే 2019వ సంవత్సరం 23వ వారంలో తయారైందని. పప్పుల పొట్లం మీద తేదీ చూసే మనకి ఇది కష్టమేమీ కాదు. మరీ పాతబడి పగుళ్లు వచ్చిన టైరుకి ఎంత గాలి పెట్టినా అది సరైన అంకె కాదు, మార్చేయాల్సిందే. స్టెప్నీకి కూడా ఇదే లెక్క. ఏళ్ల తరబడి డిక్కీలో పడి ఉండేది, అందరూ మర్చిపోయేది అదే.

ఇదంతా చదివాక మీకు ఇది మగవాళ్ల గొడవ అనిపించకూడదని నా కోరిక. థామ్సన్ నుంచి ఎక్స్‌ప్లోరర్ దాకా, గాలి అంకె ఏనాడూ ఆకాశంలోంచి ఊడిపడలేదు. ప్రతిసారీ ఎవరో ఒకరు సుఖాన్నీ, బరువునీ, ఖర్చునీ, ప్రమాదాన్నీ తూచి ఒకచోట గీత గీశారు. అది ఎక్కడ గీశారో, ఎందుకు గీశారో కారులో కూర్చునేవాళ్లకి చెప్పనప్పుడే అనర్థాలు జరిగాయి. మన ఇళ్లలో కూడా ఆ అంకె ఒక్కరి తలలోనే ఉండిపోతుంది. ఆయన ఊళ్లో లేనిరోజు, లేదా ఆయన తర్వాత, ఎవరికీ తెలియదు.

అందుకే ఆ అంకెని కాగితం మీదకి తెద్దాం. ముందు ఎంత, వెనక ఎంత, బరువుంటే ఎంత, టైర్లు ఏ సంవత్సరానివి అని నాలుగు లైన్లు. కారు తలుపు లోపలివైపు ఒక కాపీ అతికించండి. ఇంకొకటి గ్యాస్ బుక్కూ పాలవాడి లెక్కా ఉండేచోట పెట్టండి. మళ్లీ బంకులో "ఎంత పెట్టమంటారు?" అని అడిగితే, లేదా అడక్కపోయినా, వెనక సీటు నుంచి మనమే చెబుదాం.